తుడిచినవారే యజమానులా?

దాచినవాడు దొంగ, తుడిచినవాడు యజమాని. పోయిన పాత టీవీ ఎపిసోడ్ల గురించి ఎప్పుడు మాట వచ్చినా చివరికి తేలే లెక్క ఇదే. ఈ లెక్క మాకు మింగుడుపడడం లేదు. బ్రిటన్‌లో దశాబ్దాల కిందటి ఫిల్మ్ రీళ్లను ఇంట్లో దాచుకున్నవారు, అవి బయటపెడితే తలుపు తట్టేది అభిమానులో పోలీసులో తెలియని భయంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో చాలామంది వయసు మీరినవారు. ఈ భయం తొలగనంత కాలం అభిమానులు ఎన్ని కలలు కన్నా, ఆ డబ్బాల మూతలు తెరుచుకోవు.

‘డాక్టర్ హూ’ సంగతి పాఠకులకు తెలిసిందే. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన ఆ సైన్స్ ఫిక్షన్ సీరియల్ తొలి ఆరేళ్లలో 253 ఎపిసోడ్లు వచ్చాయి. 2013లో ఒకేసారి తొమ్మిది దొరికాక కూడా ఇంకా 97 లోటు ఉండిపోయింది. అగ్నిప్రమాదంలో కాలిపోయాయా అంటే కాదు. వరదలో కొట్టుకుపోయాయా అంటే అదీ కాదు. వీడియో టేపు ఖరీదైనది, తుడిచి మళ్లీ వాడుకోవచ్చు అని బీబీసీ తనే తుడిపించింది. విదేశాలకు అమ్మడం కోసం తీసిన 16 ఎంఎం ఫిల్మ్ కాపీలను, అమ్మకం హక్కుల గడువు తీరాక చెత్తలోకి పంపించింది. 1978లో ఈ పని ఆగేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అమెరికాలో ఇంకా ఘోరం. 1956లో మూతపడిన డుమాంట్ టీవీ నెట్‌వర్క్ రికార్డింగులను 1970లలో మూడు ట్రక్కులకెత్తి తీసుకెళ్లి న్యూయార్క్ అఖాతంలో పారబోశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విచారణలో చెప్పారు. ఈ పనులకు ఎవరి మీదా కేసు లేదు. సొంత ఆస్తిని సొంతదారు పారేసుకుంటే చట్టానికి పట్టదు.

ఆ రోజుల పరిస్థితులు వేరన్న వాదన ఉంది. ఇళ్లలో వీడియోలు లేవు, నటుల, సంగీతకారుల యూనియన్లతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితులుండేవి, పైగా కాపీరైట్ అంటూ లేకపోతే కళాకారుడికి పొట్ట గడవదు. ఒప్పుకుంటాం. ఎందుకు తుడిచారో దీన్నిబట్టి అర్థమవుతుంది. దాచినవాణ్ని నేరస్తుడిలా ఎందుకు చూడాలో మాత్రం అర్థం కాదు.

ఎందుకంటే, మిగిలిందేదైనా ఉందంటే అది అనుమతి అడగనివాళ్ల పుణ్యమే. దొరకని ఆ ఎపిసోడ్లన్నిటి ఆడియో, ఒక్కటీ పోకుండా, ఈ రోజు మన దగ్గరుంది. ఎలా? 1960లలో కొందరు కుర్రాళ్లు టీవీ స్పీకర్ ముందు మైకు పెట్టి, కొందరైతే టీవీ లోపలి నుంచి నేరుగా తీగ లాగి, వారం వారం టేపు రికార్డర్‌లో పట్టుకున్నారు. గదిలో ఎవరో దగ్గితే ఆ దగ్గు కూడా టేపులోకి ఎక్కిపోతుందని తెలిసీ, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వాళ్లెవరూ బీబీసీని అనుమతి అడగలేదు. తర్వాత ఏమైంది? ఆ ఆడియోతోనే బీబీసీ సీడీలు అమ్మింది. 2016లో ఆ సీరియల్‌లోని ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ కథను యానిమేషన్‌గా విడుదల చేసినప్పుడు తెర మీద బొమ్మలు కొత్తవి, వినిపించిన గొంతులు మాత్రం ఆ ఇళ్లలో నిలిచినవి. అంటే దాచిన సరుకు అమ్ముకోవడానికి పనికొస్తుంది. దాచిన చెయ్యి మాత్రం తప్పు చేసిన చెయ్యి! ఇదెక్కడి న్యాయం?

ఇంకో ఉదాహరణ ఉంది, తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆస్ట్రేలియాలో సెన్సార్ అధికారులు పిల్లలు జడుసుకుంటారని ‘డాక్టర్ హూ’లో కొన్ని షాట్లను కత్తిరించి పక్కన పెట్టారు. ఆ ముక్కలు 1996లో ఆ దేశ జాతీయ ఆర్కైవ్స్‌లో బయటపడ్డాయి. చూపించిన ఎపిసోడ్లు పోయాయి, చూపించకూడదన్న కొన్ని సెకన్లు మిగిలాయి. కత్తిరించినవాళ్లకున్న ఫైలు క్రమశిక్షణ కూడా తీసినవాళ్లకు లేకపోయింది.

సేకర్తల భయానికి పాత కారణం ఉంది. బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన హాస్యనటుడు, టీవీ వ్యాఖ్యాత బాబ్ మంక్‌హౌస్ దగ్గర పెద్ద ఫిల్మ్ సేకరణ ఉండేది. 1970లలో పోలీసులు ఆ సేకరణ మీద పడ్డారు. ఫిల్మ్ పంపిణీదారులను మోసం చేశాడన్న అభియోగంతో ఆయన 1979లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు బోనులో నిలబడ్డారు. నిర్దోషిగా బయటపడ్డారు, అది వేరే విషయం. అంత పేరున్న మనిషినే కోర్టుకీడ్చినప్పుడు, ఊరూ పేరూ లేని సేకర్త ఏం నేర్చుకుంటాడు? నోరు మూసుకుని, డబ్బా మూత బిగించుకోవడం నేర్చుకుంటాడు. మంక్‌హౌస్ 2003లో కన్నుమూశాక ఆయన ఇంట్లో వేల కొద్దీ వీడియో టేపులు బయటపడ్డాయి. మరెక్కడా లేవనుకున్న కార్యక్రమాలు వాటిలో ఉన్నాయి. బోనెక్కించిన మనిషే చివరికి టీవీ చరిత్రను కాపాడినవాడయ్యాడు. దాచినవాడు దొంగ అన్న లెక్క ఎంత తప్పో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అభిమానుల కల పిచ్చి కల కాదని నిరూపించింది నైజీరియా. జోస్ నగరంలో ఒక టీవీ కేంద్రం స్టోర్ రూమ్‌లో దుమ్ము పట్టిన ఫిల్మ్ డబ్బాలు. వాటి మీద అంటించిన టేపు మీది దుమ్ము తుడిస్తే ‘డాక్టర్ హూ’ అన్న అక్షరాలు కనిపించాయి. ఆ చూపుకు గుండె ఆగినంత పనైందని వాటిని కనిపెట్టిన ఫిలిప్ మోరిస్ చెప్పారు. 2013 అక్టోబరులో ప్రపంచం విన్న ఆ తొమ్మిది ఎపిసోడ్ల కబురు అక్కడిదే. కానీ వాటితో పాటు రావాల్సిన ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ కథ మూడో భాగం మాత్రం రాలేదు. తను మొదట చూసినప్పుడు అది అక్కడే ఉందని, బేరసారాలు నడుస్తుండగా మాయమైందని ఆయనే అన్నారు. ఆయన మాట నిజమైతే ఆ రీలు ఇప్పుడు ఎవరో ఒకరి బీరువాలో ఉంది. ఆ ఒకరు దాన్ని బయటికి తేవాలంటే ఏ ధైర్యంతో తేవాలి?

ఈ రోగం ఒక్క బీబీసీది కాదు. 1967 జనవరి 15న జరిగిన తొలి సూపర్ బౌల్‌ను, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను, అక్కడి టీవీ సంస్థలు సీబీఎస్, ఎన్‌బీసీ రెండూ ప్రసారం చేశాయి. రెండూ టేపులు నిలుపుకోలేదు. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఒకాయన తన పనిచోట రికార్డు చేసుకున్న టేపులు మాత్రం నిలిచాయి, అవీ అసంపూర్తిగా. వారసుడు పది లక్షల డాలర్లు అడిగితే, ఫుట్‌బాల్ లీగ్ 30,000 డాలర్లు ఇస్తామంది. బేరం కుదరలేదు. టేపు అతనిది, టేపులో ఉన్న ఆట మాత్రం లీగ్‌ది. కాబట్టి అతను ఇంకొకరికి అమ్ముకోలేడు, లీగ్ కొనదు, జనం చూడలేరు. అడిగిన ధర ఎక్కువే కావచ్చు. కానీ రెండు పెద్ద సంస్థలు ఉంచుకోలేకపోయినదాన్ని నిలిపిన కుటుంబానికి దక్కిన మర్యాద ఇదా?

ఇక్కడ టైమ్ ఎవరి కోసమూ ఆగదు. ఆ 16 ఎంఎం ఫిల్మ్ ఎసిటేట్‌తో చేసింది. వేడి, తేమ తగిలితే అది కుళ్లడం మొదలుపెడుతుంది. మూత తీయగానే ముక్కు పుటాలదిరేలా వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే రీలుకు జబ్బు చేసినట్టే. తర్వాత ఫిల్మ్ ముడుచుకుంటుంది, వంకర్లు పోతుంది, పెళుసుబారుతుంది, ప్రొజెక్టర్ పళ్లకు అందదు. పక్క డబ్బాలోని రీలుకూ ఆ ఆవిరి అంటుకుంటుంది. ఇక సేకర్త కన్నుమూస్తే ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు అవి తుప్పు డబ్బాలు మాత్రమే. కేసు భయంతో ఆయన తన దగ్గరేముందో సొంత పిల్లలకు కూడా చెప్పి ఉండకపోవచ్చు. బీబీసీ 1970లలో చేసిన పనినే ఈసారి చెత్త బండి చేస్తుంది. ఆ పాపంలోనూ బీబీసీకి వాటా ఉంటుంది.

ఇదంతా గడిచిపోయిన కథ అనుకుంటే పొరపాటు. ‘విల్లో’ సిరీస్ 2022 నవంబరు చివర డిస్నీ ప్లస్‌లో మొదలైంది. 2023 మే నెలలో దాన్ని మరికొన్ని కార్యక్రమాలతో కలిపి ఆ వేదిక మీద నుంచే తీసేశారు. అలా తీసేసినందుకు పుస్తకాల్లో 150 కోట్ల డాలర్ల నష్టం రాసుకున్నారు. నాడు టేపు ఖర్చు, నేడు ఖాతా లెక్క. సాకు మారింది, చెయ్యి మారలేదు. వందల మంది నెలల తరబడి పనిచేసి తీసినదాన్ని ఒక త్రైమాసికం లెక్కల కోసం జనం కళ్లముందు నుంచి లాగేయొచ్చు. దాని కాపీ ఒకటి ఎవరైనా దాచుకుంటే మాత్రం పైరసీ! యాభై ఏళ్ల తర్వాత ఇదే కంపెనీ వారసులు, మా ఎపిసోడ్లు మీ దగ్గరేమైనా ఉన్నాయా అని ఇదే జనాన్ని అడుక్కోవాల్సి వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. తుడిచినవాడే యజమాని అన్న లెక్కను ఈ రోజు ఒప్పుకుంటే, రేపు పోయే ప్రతి ఎపిసోడ్‌కూ ఇప్పుడే సంతకం పెట్టినట్టు.

పోయిన కార్యక్రమాలున్నవారు సంప్రదిస్తే సంతోషంగా కలిసి పనిచేస్తామని బీబీసీ అంటోంది. మంచి మాటే. కానీ సంతోషం కేసు నుంచి కాపాడదు. భయపడేవాడికి కావలసింది పలకరింపు కాదు, రాతపూర్వకమైన హామీ. రీలు ఎలా వచ్చిందని అడగం, కేసు పెట్టం, కాపీ తీసుకుని అసలు రీలు తెచ్చినవారికే తిరిగిస్తాం, కావాలంటే పేరు బయటపెట్టం అని నాలుగు ముక్కలు రాసివ్వాలి. బీబీసీ ఒక్కటే కాదు, టేపులు తుడిచిన ప్రతి సంస్థా ఇవ్వాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, ఒక పేజీ చాలు. రీళ్లు పారేయమన్న కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఆనాడు ఒక్క క్షణం వెనకాడని సంస్థలు, ఈ ఒక్క కాగితం మీద సంతకానికి ఇంతకాలంగా ఏం ఆలోచిస్తున్నాయి?