లాఖ్ ఒడ్డు కర్ర లాడ్జి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్కాట్లండ్ పడమటి తీరాన, లాఖ్ ఫైన్ ఒడ్డున 'ప్రశాంత వాతావరణంలో' అమ్మకానికి నిలబడ్డ కర్ర లాడ్జి (సెలవుల విడిది) గారికి,

ఉభయకుశలోపరి. మేం క్షేమం. మీ క్షేమం మాత్రం తేమ మీటరు సూదులు గోడలో గుచ్చి చూస్తే గాని తెలియదు. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుశలమే. అది దాటి అలాగే ఉండిపోతే, లోపల పుచ్చు అద్దె కట్టకుండా కాపురం పెట్టేసినట్టే.

మీ ప్రకటన చూసి గ్లాస్గోలోని మనవాళ్లెవరో 'నీళ్ల పక్కన ఇల్లు కొంటున్నాం' అని ఊరికి ఫోన్ చేశారనుకోండి. ఆ ఒక్క మాటలో మూడు పొరపాట్లు. ఇల్లు అనడం తప్పు. కొనడం సగమే నిజం. ఇక నీళ్లంటారా, అవి రోజుకు రెండుసార్లు పక్కన ఉండవు.

నీళ్ల సంగతి త్వరగా తేలిపోతుంది. హైదరాబాదులో లాఖ్ అంటే లక్ష. స్కాట్లండ్‌లో చెరువూ లాఖే, కొండల మధ్యకు చొరబడ్డ సముద్రమూ లాఖే. మీది రెండోది. ఫొటో పోటులో తీశారు. ఆటులో మిగిలేది బురద, నాచు, వాటి వాసన. అమావాస్యో పౌర్ణమో వెళ్లిన ఒకటి రెండు రోజులకు ఆటు బాగా లోతుగా తీస్తుంది, మిమ్మల్ని చూడాల్సింది అప్పుడే. స్కాట్లండ్‌లో బేరానికీ పంచాంగం పనికొస్తుందన్నమాట. ఇక 'సొంత తీరం' అన్నారు గాని, 2003 భూసంస్కరణ చట్టం పుణ్యమా అని బాధ్యతగా నడిచే ఎవరైనా ఆ ఒడ్డున నడిచిపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీ కులగోత్రాలేమిటి? హాలిడే పార్కుల్లో, అంటే విడిదులకు చోటిచ్చే స్థలాల్లో, మీలాంటివారు చాలామంది చట్టం దృష్టిలో ఇల్లు కాదు, క్యారవాన్, అంటే తరలించగల బండి ఇల్లు. రెండు ముక్కలకు మించకుండా తెచ్చి అక్కడ బిగించాలి. పొడవు 20 మీటర్లు, వెడల్పు 6.8, లోపలి ఎత్తు 3.05 మించకూడదు. కింద పలకలు విప్పి చూస్తే బండికుండే ఇనుప చట్రం కనిపిస్తుంది. క్యారవాన్ కాబట్టి స్థిరాస్తి కొనుగోలు పన్ను తప్పుతుంది, ఆ లాభం కాదనం. కానీ నేల పార్కువాళ్లది. ఏటేటా స్థలం ఫీజు కట్టాలి. అదే శాశ్వత చిరునామా చేసుకుంటామంటే కుదరదు. తిరిగి అమ్మితే పార్కుకు 15 శాతం దాకా కమిషన్ రాసిన ఒప్పందాలున్నాయి. అంటే లక్ష పౌండ్లకు అమ్మితే 15 వేలు వాళ్లవి. పోనీ, సొంత నేలలో పునాది వేసుకున్నవారైతే? రెండో ఇల్లని 2024 డిసెంబరు నుంచి 8 శాతం అదనపు పన్ను. పైగా మన ఇంటి పన్ను లాంటి కౌన్సిల్ పన్నును రెట్టింపు చేసే అధికారం 2024 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లకు ఉంది. కదిలేవారైతే నేల ఉండదు, కదలనివారైతే పన్ను వదలదు.

మీ ఒంటి సంగతీ చూద్దాం. మీ చుట్టుపక్కల కొండల్లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. హైదరాబాదులో పడేది సుమారు 800. మీ తొడుగు లార్చ్ చెక్క, మంచిదే. కానీ అందులోని టానిన్ అనే వగరు పదార్థానికీ ఇనుముకూ పడదు. జింకు పూత మేకులు కొట్టినచోట పూత తినేసి, కాటుక కరిగినట్టు నల్లటి చారలు దిగుతాయి. స్టెయిన్‌లెస్ మేకులే వాడాలి, ఉప్పుగాలికైతే 316 రకం. పలకల అడుగు నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. వెనక గాలి ఆడే సందుండాలి. కోసిన చివళ్లకు పూత పట్టించాలి, చెక్క నీళ్లు తాగేది అక్కడి నుంచే. ముందుగా పుచ్చేది డెక్ గోడకు ఆనుకునే అతుకు. పైన రేకు మడత లేకపోతే వాననీరు అందులో ఇంకి, ఆరదు. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే వెన్నలోకి దిగినట్టు దిగితే బేరం అక్కడే ఆపాలి. మామూలు ఇల్లు అమ్మేవాడు 2008 డిసెంబరు నుంచి సర్వే రిపోర్టు తయారుగా పెట్టుకోవాలి. క్యారవాన్‌గారికి ఆ బాధ లేదు, కాబట్టి స్క్రూడ్రైవరే సర్వేయరు.

చలికాలంలో మిమ్మల్ని ఖాళీగా వదిలేస్తే గొట్టాల్లో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. మెయిన్ వాల్వు కట్టి, కుళాయిలన్నీ తెరిచి, షవర్ గొట్టం కిందికి వేలాడదీసి, టాయిలెట్ వంపులో యాంటీఫ్రీజ్ పోయాలి. చాలామంది మరిచేది షవర్ మిక్సర్. అందులో నాలుగు చుక్కలు మిగిలినా వసంతంలో పగిలిన వాల్వు పలకరిస్తుంది.

చివరగా ఆ 'ప్రశాంతం'. గాలి గంటకు 11 కిలోమీటర్లు దాటితే మిడ్జీలు, అంటే అక్కడి కుట్టే బుల్లి ఈగలు, ఎగరలేవు. గాలి ఆగిందా, మే నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు వాటివే. మన దోమతెర కన్నాల్లోంచి హాయిగా దూరిపోయేంత సన్నపు జాతి. మీ ఫొటోలో అద్దంలాంటి నీళ్లు, డెక్ మీద రెండు కుర్చీలు, రెండూ ఖాళీ. ఎందుకు ఖాళీయో మాకు అర్థమైంది.

ఇట్లు,
కొనేముందు కింద దూరి చూసే అలవాటున్నవాళ్లం

తా.క.: పడగ్గదులెన్నో రాశారు, పార్కులో నిలబడే లైసెన్సు ఇంకా ఎన్నేళ్లుందో రాయలేదు. ఆ అంకె ఒక్కటి పంపండి. మా బస్టాండు ఎదుటి లాడ్జిలో కూడా చెక్ అవుట్ టైము గోడ మీద రాసి ఉంటుంది.