వంతెన మొహం నీళ్లవైపు ఉంటుంది బాబూ

లండన్ వచ్చిన మనవాళ్లు చాలామంది టవర్ బ్రిడ్జి ముందు ఫోటో దిగి, కింద ‘లండన్ బ్రిడ్జి’ అని రాసేస్తారు. అసలు లండన్ బ్రిడ్జి ఆ పక్కదే, 1973లో తెరిచిన చప్పిడి కాంక్రీటు వంతెన. దానికి ముందున్న 1831 నాటి రాతి వంతెనని 1968లో ఓ అమెరికా వ్యాపారికి అమ్మేస్తే, ఆయన ఆ రాళ్లు అరిజోనాకి తీసుకుపోయి అక్కడ కట్టించుకున్నాడు! సరే, పేరు సంగతి వదిలేయండి. నా గొడవ వేరే. థేమ్స్ వంతెనల మీద నడిచేసి, చూసేశాం అనుకుంటే నేను ఒప్పుకోను.

తెలిసినవాళ్ల నారోబోటులో ఊరికి తూర్పున ఉన్న లైమ్‌హౌస్ నుంచి పడమటి బ్రెంట్‌ఫర్డ్ దాకా వెళ్లొచ్చాక పట్టుకుంది నాకీ మొండితనం. నారోబోటంటే ఇంగ్లండు కాలువల కోసం పుట్టిన పడవ, వెడల్పు 2 మీటర్లే, అడుగు బల్లపరుపు, కాలువలో గంటకి 6 కిలోమీటర్లు దాటితే ఎక్కువ. అలాంటిదాన్ని తెచ్చి థేమ్స్‌లో దింపడం! లైమ్‌హౌస్ దగ్గర లాకు, అంటే నీటిమట్టం మార్చి పడవని దాటించే తలుపుల గది, దాటాలి (గోదావరి కాలువల లాకులు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు), పోటు ఎక్కే వేళకి బయటపడి దాంతోపాటే పైకి పోవాలి. సముద్రపు పోటు ఊరంతా దాటి టెడింగ్టన్ దాకా ఎక్కుతుంది, ఊరి మధ్యలో నీళ్లు ఒక్కోరోజు 7 మీటర్ల దాకా లేస్తాయి. లాకు వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. టైము మన ఇష్టం కాదు, చంద్రుడి ఇష్టం.

టవర్ బ్రిడ్జి కిందకి వెళ్లి తలెత్తితే అంతా ఉక్కే, పైన కనిపించే ఆ కోట వేషం రాయి 1894లో ఉక్కుకి తొడిగిన చొక్కా. ఇంకో తమాషా, మరమ్మతుల వల్ల ఏ వంతెన కిందైనా ఎత్తు తగ్గితే అక్కడ గడ్డిమోపు వేలాడదీయాలని పాత రూలు, ఇప్పటికీ కడతారు! వాటర్లూ వంతెన దగ్గర మాత్రం నాకు మండుతుంది. యుద్ధకాలంలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేసి కట్టిన వంతెన అది, 1945లో ప్రారంభించిన మంత్రి హెర్బర్ట్ మారిసన్ గారు ఉపన్యాసంలో మగవాళ్లనే పొగిడి దిగిపోయారు. వెస్ట్‌మినిస్టర్ వంతెనకి పార్లమెంటు దిగువసభ కుర్చీల ఆకుపచ్చ రంగు, లాంబెత్ వంతెనకి ఎగువసభ ఎరుపు. రెండూ ఒక్క చూపులో పడాలంటే నది మధ్యలో ఉండాలి.

స్పీడు పడవల్లో హోరుమని పోతే ఇవేవీ కనపడవు. పైగా వాటి అలలకి మా పడవలో గిన్నెలన్నీ కిందపడ్డాయి, అది వేరే కోపం. ఆల్బర్ట్ వంతెన మీద సైనికులు కదం తొక్కుతూ నడవకూడదని బోర్డు కూడా ఉంది, 1873 నాటి వంతెన ఊగుతుందని భయం!

ఇక హామర్‌స్మిత్ వంతెన. 1887 నాటి ఆ అందానికి పగుళ్లొచ్చి 2019లో కార్లు ఆపేశారు, 2020 ఆగస్టు నుంచి 2021 జులై దాకా కింద పడవల్నీ పోనివ్వలేదు. ఇంత డబ్బున్న ఊరు ఒక్క వంతెన బాగుచేసుకోడానికి ఖర్చు ఎవరు పెట్టాలని ఏళ్ల తరబడి వాదించుకుంది. మన దగ్గర పనులు సాగవని తిట్టే ఎన్నారై అన్నలు దీనిమీద ఒక్క పోస్టన్నా పెట్టండి.