స్టాఫ్ రూమ్‌లో తేలిన ‘హీ’, ‘షీ’ల గొడవ

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఒకే గదిలో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ మీద నుంచి దిగొచ్చే సవర పిల్లలు కూర్చుంటారు. అందరి చేతా నేను ఇంగ్లిష్‌లో వ్యాసం రాయించాలి. చాలాకాలం ఒక తప్పు నన్ను తినేసేది. అమ్మ గురించి రాయమంటే మొదటి వాక్యంలో ‘షీ’, మూడో వాక్యానికి ‘హీ’. ఎర్ర సిరాతో సున్నా చుట్టడం, చూసుకుని రాయండని కసరడం, మళ్లీ వారం అదే. పిల్లలకి శ్రద్ధ లేదని తేల్చేసుకున్నాను.

ఒకరోజు విసుగొచ్చి ఆ కాగితాలు స్టాఫ్ రూమ్ బల్ల మీద పడేస్తే, ఒడియా చెప్పే మేడమ్ రెండు మూడు తిరగేసి నవ్వారు. “మా భాషలో ఆయనైనా ఆవిడైనా ‘సే’ ఒక్కటే కదా సార్!” చూస్తే నిజమే, ఆ కాగితాలు చాలావరకు ఒడియా పిల్లలవే. నేను ఊరుకున్నా ఆవిడ ఊరుకోలేదు. “అది సరే, మీ తెలుగు పిల్లలు చెల్లెల్ని పట్టుకుని ‘ఇట్’ అని రాస్తారేటి?” నాకెప్పుడూ తట్టలేదు. మనకి చెల్లెలొచ్చినా వచ్చిందే, ఆవొచ్చినా వచ్చిందే, ఇంట్లో చనువుగా చెల్లెల్ని ‘అది’ అనే అంటాం!

ఆ పది నిమిషాల్లో తెలిసింది నాకు ఏ వర్క్‌షాప్‌లోనూ తెలియలేదు. మాస్టార్లం పంచుకోవడం లేదని కాదు, వాట్సాప్ గ్రూపులు నిండిపోయేలా పంచుకుంటాం. పీడీఎఫ్‌లు, పీపీటీలు, మోడల్ పేపర్లు. అన్నీ వండి వార్చినవే. ఏ పాఠం అడ్డం తిరిగిందో, ఏ తప్పు మనకి అంతుపట్టలేదో మాత్రం ఎవరూ పెట్టరు, పెడితే ఈయనకి పాఠం చెప్పడం రాదనుకుంటారని భయం. నా ఉద్దేశంలో పంచుకోవాల్సింది అదే. పైగా సొంత డిపార్ట్‌మెంట్‌లో కంటే పక్క భాష వాళ్లతో.

వ్యవస్థ కూడా దీనికి సాయపడదు. 2010లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలతో ఏపీఐ పాయింట్ల లెక్క, అంటే లెక్చరర్ల పనిని మార్కులు వేసి కొలిచే పద్ధతి, వచ్చింది, 2018లో ఆ తీరు మార్చారు, కానీ సర్టిఫికెట్ ఉంటేనే పని జరిగినట్టు అనే అలవాటు పోలేదు. స్టాఫ్ రూమ్ కబుర్లకి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

విచిత్రమేమిటంటే ఇలాంటి కబుర్లు పెద్ద ఉద్యమానికి దారితీసిన ఊరు ఇదే. గిడుగు రామమూర్తి ఇక్కడి రాజావారి బడిలో, కాలేజీలో పాఠాలు చెప్పారు. బడుల తనిఖీ అధికారి యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాష, పుస్తకాల భాష ఇంత వేరుగా ఎందుకున్నాయని అడిగాడు. బయటివాడి ప్రశ్న అది, మనవాళ్లకి అలవాటైపోయి కనపడని సంగతి. ఆ ప్రశ్న చుట్టూ గిడుగు, గురజాడ, విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ కలిశారు. వ్యావహారిక భాషోద్యమం అంటే మనకి పండితుల కొట్లాటే గుర్తొస్తుంది, కానీ పిల్లల చేత వ్యాసం ఏ తెలుగులో రాయించాలన్న మాస్టార్ల తంటా కూడా అందులో ఉంది. (1936లో ఊరు ఒడిశాలో కలిశాక గిడుగు రాజమండ్రి వెళ్లిపోయారు, అది వేరే కథ.)

అయితే ఐడియా అరువు తెచ్చుకోవడం అంత తేలిక కాదు. మేడమ్ ఒక పద్ధతి చెప్పారు: ఒకరు మన ఊళ్లో పశువుల కొమ్ముతో బొమ్మ ఎలా చేస్తారో సొంత భాషలో చెప్పాలి, పక్కవాళ్లు అడిగి తెలుసుకుని ఇంగ్లిష్‌లో రాయాలి. విని ముచ్చటపడి మర్నాడే అరవై మంది మీద ప్రయోగించాను. చేపల బజారైంది. పక్క క్లాసు లెక్చరర్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. తర్వాత అడిగితే మేడమ్ నాలిక్కరుచుకున్నారు: “అయ్యో, నేను చేసింది పన్నెండు మందితో సార్, చెప్పడం మర్చిపోయాను!” ఐడియా పంచేటప్పుడు జారిపోయేది ఎప్పుడూ ఆ పన్నెండే.

ఇప్పుడు శనివారాలు పేర్లు మడిచేసిన నాలుగు కాగితాలు ఆవిడవి, నాలుగు నావి బల్ల మీద పెట్టుకుంటున్నాం. మొన్నటి దాంట్లో ఒక కుర్రాడు పేజీన్నర ఒక్క పేరాగా లాగేశాడు, ఎక్కడా విరగ్గొట్టలేదు, చదివితే ఎక్కడా తెగనూ లేదు. తప్పని గీత పెట్టాలో వద్దో ఇద్దరికీ ఇంకా తేలలేదు.