ముందు మెస్ బిల్లు, తర్వాత క్రెడిట్లు

డిగ్రీలో చేరిన పిల్లలతో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిపిస్తున్నారు. పాసైన కోర్సులకు వచ్చే పాయింట్లే క్రెడిట్లు, అవి ఈ ఖాతాలో జమవుతాయి. ఒక యూనివర్సిటీలో సంపాదించిన క్రెడిట్లు మరో దాంట్లో చెల్లేలా 2021లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. మంచి పనే. కానీ నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ విద్యార్థి ఒక సెమిస్టర్ పాలమూరు యూనివర్సిటీలో చదవాలంటే ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో టికెట్ బాధ లేదు, హాస్టల్, మెస్ బాధ మాత్రం అందరిదీ.

యూరప్ ఈ పనిని మరో వైపు నుంచి మొదలుపెట్టింది. డిగ్రీలన్నిటినీ ఒకే తీరుకు తేవాలని 29 దేశాలు ఇటలీలోని బొలోన్యాలో సంతకాలు చేసింది 1999లో. అంతకు పన్నెండేళ్ల ముందే, 1987లో, ఎరాస్మస్ అనే విద్యార్థుల మార్పిడి పథకం కింద 3,244 మంది విద్యార్థులు 11 దేశాల మధ్య చదువుకోసం కదిలారు. ఖర్చుకు గ్రాంటు ఇచ్చారు. అక్కడ చదివింది ఇంటికొచ్చాక లెక్కలోకి రావాలి కదా, అందుకే 1989లో క్రెడిట్ల బదిలీ పద్ధతిని పరీక్షించడం మొదలుపెట్టారు. పిల్లలు కదిలాక పుట్టిన లెక్క అది. అక్కడా అంతా సాఫీగా సాగలేదు. కోర్సులను కుదించి టెన్షన్ పెంచారని 2009లో జర్మనీ, ఆస్ట్రియా విద్యార్థులు రోడ్డెక్కారు.

మన దగ్గర అంతర్జాతీయ విద్య అంటే విదేశీ వర్సిటీల క్యాంపస్‌లే. గిఫ్ట్ సిటీ కోసం 2022లో తెచ్చిన నిబంధనల కింద గుజరాత్‌లోని ఆ సిటీకి ఆస్ట్రేలియా వర్సిటీలు డీకిన్, వొలాంగాంగ్ వచ్చాయి. లేదంటే పొలం తాకట్టు పెట్టి అమెరికాలో ఎమ్మెస్. పొట్ట చేతపట్టుకుని ముంబై దాకా వలస పోయిన పాలమూరు కూలీ బిడ్డ, చదువు కోసం పక్క జిల్లాకైనా పోలేకపోతే ఆ క్రెడిట్ల ఖాతా ఎందుకు?

2007లో నల్లగొండ, 2008లో పాలమూరు వర్సిటీలు పుట్టాయి. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల మీద పాలమూరు కెమిస్ట్రీ విద్యార్థి ఇక్కడికొచ్చి పనిచేయాలి. కరువు, వలసలను మా నల్లగొండ పిల్లలు అక్కడికి పోయి చదవాలి. తొలి విడత వంద మందైనా చాలు. వాళ్ల గది అద్దె, మెస్ బిల్లు ప్రభుత్వమే కట్టాలని మేము కోరుతున్నాం. ఆ డబ్బు ఏ పద్దు నుంచి ఇవ్వాలో ఉన్నత విద్యామండలి, ఇద్దరు వీసీలు వచ్చే అడ్మిషన్లలోపు కూర్చుని తేల్చాలి.