మహారాజశ్రీ జెడ్ డ్రైవు గారికి

హనుమకొండ

మహారాజశ్రీ జెడ్ డ్రైవు గారి దివ్యసముఖమునకు, నయీంనగర్‌లోని ఒక పెళ్లి ఫోటోల స్టూడియోలో మేడ మీది గదికి కాపలా ఉండే సేవకుడు నమస్కరించి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని రాయడానికి చేయి రావడం లేదు. పోయిన నెల పరకాల పెళ్లివారి ఫోటోలు సాయంత్రం 4 గంటలకు మీలోకి ఎక్కించడం మొదలుపెడితే రాత్రి ఎనిమిదిన్నరకు పూర్తయ్యాయి. అసలు పెళ్లి తంతు కూడా అంతసేపు జరగలేదు.

మా ఫోటోలన్నీ దాచే మీరు, కంప్యూటర్ తెర మీద జెడ్ అనే ఒక్క అక్షరం. లోపల మాత్రం ముగ్గురు, ప్రతి ఫోటోకూ తలా ఒక ప్రతి దాచుకునే మూడు కంప్యూటర్ పెట్టెలు. ఇందులో మాకు వింతేమీ లేదు. 2016లో మా జిల్లాను ముక్కలు చేశారు, 2019లో ములుగు కూడా వేరుపడింది, 2021లో వరంగల్ అర్బన్ పేరు మారి హనుమకొండ అయింది. అయినా పత్రికలు ఇప్పటికీ ‘ఉమ్మడి వరంగల్ జిల్లా’ అనే రాస్తాయి. విడిపోయినా ఉమ్మడిగా పిలిపించుకోవడం ఈ నేల అలవాటు. మీరు వచ్చిన కొత్తలోనే దాన్ని పట్టేశారు.

మీ ముగ్గురినీ ఒక్కటిగా కట్టింది గ్లస్టర్ అనే సాఫ్ట్‌వేర్. మొదటి పెట్టెలో కూర్చుని విండోస్ కంప్యూటర్లకు మీ దర్శనం చేయించేది సాంబా. ఆ పేరు వినగానే మా యజమాని సాంబశివుడనుకుని లెంపలు వేసుకున్నారు. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా ఆయన 1990ల మొదట్లో దాన్ని రాశారనీ, విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరులోని ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు గాలిస్తే ఆ పేరు దొరికిందనీ నేను చెప్పలేదు. మీ వేగం చూశాక దండం ఒకటి అదనంగా ఉంటే మంచిదే అనిపించింది. మేడారంలో మీ ఎత్తు బంగారం మొక్కుదామని కూడా ఆయనే అన్నారు. బెల్లం ఒక్క పెట్టె ఎత్తు ఇవ్వాలా, మూడు ప్రతులున్నాయి కాబట్టి మూడింటి ఎత్తూ ఇవ్వాలా అన్న దగ్గర మాట ఆగిపోయింది.

తర్వాత ఆయన ఇంటర్నెట్ ప్లాన్ పెంచారు. సెకనుకు 100 మెగాబిట్ల నుంచి 300కి. కింది గదిలోని కంప్యూటర్ నుంచి మేడ మీది పెట్టెకు ఫోటో పోవడానికి ఊరి బయటి దారితో పనేమిటని అడిగాను. “నెట్టు నెట్టే కదా” అన్నారు. నెల నెలా ఆ అదనపు బిల్లు మీ ఖాతాలోనే రాసుకోండి.

నా తెలివి అంతకంటే గొప్పగా ఏమీ లేదు. మా తాత పాకాల చెరువు కింద పొలాలకు నీళ్లు పంచే నీరటి. పొలానికి నీళ్లు రావడం లేదని ఎవరైనా వస్తే ఆయన చెరువు వైపు చూసేవాడు కాదు, పార భుజాన వేసుకుని కాలువ వెంట నడిచేవాడు. ఆయన మనవణ్నయి ఉండి నేను మూడు రోజులు చెరువునే తిట్టాను. డిస్కులు పరీక్షించాను, బాగున్నాయి. మిమ్మల్ని రెండుసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అది పరీక్ష కాదు, కోపం. నా కంప్యూటర్ నుంచి మొదటి పెట్టెకు, దారి వేగం కొలిచే ఐపెర్ఫ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి కొలిస్తే సెకనుకు 940 మెగాబిట్లు వచ్చింది. దారి బాగుందని తేల్చేసి హాయిగా పడుకున్నాను.

నేను కొలిచింది సగం కాలువనే. మీలో ఒక నియమం ఉంది కదా, ఏ ఫోటో వచ్చినా ముగ్గురికీ చేరి ముగ్గురూ సరే అన్నాకే రాసినట్టు. ఒక్కరు కాళ్లు కడుక్కుంటున్నా మిగతా ఇద్దరూ విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంటారు. అందుకే మీ దగ్గర ఫోటో తెరవడం వేగంగానే ఉండేది. చదవడానికి ఒక్కరు చాలు, మొదటి పెట్టె తన దగ్గరున్న ప్రతిని ఇచ్చేస్తుంది. రాయడం మాత్రమే నత్తనడక. ఈ తేడా మొదటి రోజే నా కళ్ల ముందు ఉంది. నేను చూడలేదు.

నాలుగో రోజు మొదటి పెట్టె నుంచి రెండో పెట్టెకు కొలిచాను, బాగుంది. మూడో పెట్టెకు కొలిస్తే 94. తొమ్మిది వందల తొంభై నాలుగేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. 94 మెగాబిట్లే. అంటే సెకనుకు సుమారు 11.75 మెగాబైట్లు. 6,000 ఫోటోలు, ఒక్కొక్కటి 25 మెగాబైట్లు, మొత్తం 150 గిగాబైట్లు. ఈ సందులోంచి అవి దూరడానికే సుమారు 3 గంటల 33 నిమిషాలు కావాలి.

మూడో పెట్టె తీగ వెంట నడిచాను. ఆల్బములు పెట్టే ఇనుప బీరువా కాలు సరిగ్గా దాని మీదే ఉంది. ఆ తీగలో ఎనిమిది పోగులు, నాలుగు జతలు. గిగాబిట్, అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. వందకు రెండే చాలు. మిగతా రెండు జతల్లో ఒకటి తెగితే తీగ చచ్చిపోదు, ఆ రెండు జతలతోనే వందకు దిగి నడుస్తుంది. నాకు కోపం వచ్చింది అక్కడే. పూర్తిగా తెగి ఉంటే అదే రోజు పట్టుకునేవాణ్ని కదా! ఈ తీగలన్నీ వచ్చి కలిసే మా నెట్‌వర్క్ స్విచ్ మీద వెయ్యికి పచ్చ దీపం, వందకు నారింజ దీపం వెలుగుతుంది. ఆ నారింజ దీపం ఎన్నాళ్లుగా వెలుగుతోందో ఎవరికీ తెలియదు. అది కొత్త రకం అలంకారమని మా కుర్రాడు అనుకున్నాడట.

తీగ మార్చాను. మొదటి పెట్టె మిగతా ఇద్దరికీ ఒకే తీగ మీద చెరో ప్రతి పంపాలి కాబట్టి వేగం సగమవుతుంది. ఆ లెక్కన ముప్పావు గంట పట్టాలి. నర్సంపేట పెళ్లికి గంటన్నర పట్టింది. మహాప్రభో, మిగతా ముప్పావు గంట ఏం చేశారు?

తలుపులు తట్టారు. మా కెమెరా పేర్లన్నీ పెద్దక్షరాల్లో పెడుతుంది. విండోస్‌కు పెద్దక్షరమూ చిన్నక్షరమూ ఒకటే, మీకు వేర్వేరు. అందుకని కొత్త ఫోటో గడపలోకి వచ్చినప్పుడల్లా, అదే పేరు వేరే వేషంలో ఇప్పటికే లోపల ఉందేమోనని సాంబా ఫోల్డరంతా వెతుకుతుంది. లేదని చెప్పాలంటే అందరినీ చూడాలి మరి. ఆరు వేలవ ఫోటోకు 5,999 పేర్లు చూస్తుంది. పెళ్లి మొత్తానికి కలిపితే సుమారు 1 కోటి 80 లక్షలు. ఓటర్ల జాబితా కూడా ఇంత శ్రద్ధగా సరిచూడరు. పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చి, అక్షరాల తేడా ఉన్నది ఉన్నట్టే తీసుకొమ్మని సాంబాకు నాలుగు వరుసలు రాసిపెట్టాను. వెతుకులాట ఆగింది.

ఫోల్డర్ తెరవగానే ఆరు వేల ఫోటోలకూ బుల్లి బొమ్మలు చూపించమని అడిగే మా ఎడిటింగ్ కుర్రాళ్ల సంగతి నాకు వదిలేయండి, వాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను.

మొన్న జనగామ పెళ్లి 50 నిమిషాల్లో ఎక్కింది. మా యజమాని గడియారం చూసుకుని, “చూశావా, 300 ప్లాన్ మహిమ” అన్నారు.

ఇట్లు,
మీ కాపలాదారు

తా.క.: బతుకమ్మ పండగని గది కడిగారట, బీరువా జరిపారట. ఇప్పుడే మేడ ఎక్కి చూసి వచ్చాను. నారింజ దీపం వెలుగుతోంది.