నౌక అదిరింది, మాట వినపడలేదు

తమకిష్టమైన సీరియళ్లు, సినిమాల లోకాన్ని తీసుకుని అభిమానులు సొంతంగా తీసుకునే సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో, అంటే ఫ్యాన్ ఫిల్ముల్లో, మొదటి నిమిషం దాదాపు ఎప్పుడూ బాగుంటుంది. నల్లటి తెర, నక్షత్రాలు, చీకట్లోంచి మెల్లగా ముందుకొచ్చే భారీ నౌక. లోహం మీద గీతలు, కిటికీల్లో వెలుగు, వెనక ఇంజన్ల నీలి మంట. ఇంట్లో కూర్చునే ఇంత పని చేశారా అని ముచ్చటేస్తుంది. అక్కడ కట్ పడుతుంది. నౌక లోపల కెప్టెన్ నోరు తెరుస్తాడు. అంతే, అంతరిక్షంలోంచి నేరుగా ఎవరిదో ఖాళీ గదిలోకి వచ్చి పడతాం. కెప్టెన్ గొంతు గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంటుంది. పక్కనున్న అధికారి చెప్పింది సగమే వినిపిస్తుంది. నేపథ్య సంగీతం ఇద్దరినీ కలిపి మింగేస్తుంది.

ఇలాంటి లోపాలన్నింటినీ బడ్జెట్ ఖాతాలో రాసేయడం అలవాటైపోయింది. డబ్బుల్లేక ఇలా వచ్చింది, సర్దుకోండి అంటారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. మాటను శుభ్రంగా పట్టే మైకు ఖర్చు, ఆ నౌక మీద ధారపోసిన నెలల శ్రమ ముందు ఏపాటిది? ఉన్న కాస్త డబ్బూ, బోలెడంత ఓపికా ఎటు పోయాయని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒక్కడే కూర్చుని చేసుకోగలిగిన పనుల వైపు పోయాయి.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ 2002లో ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకునేది) అయ్యాక త్రీడీ మోడలింగ్‌కి కంప్యూటరూ, పట్టుదలా ఉంటే చాలు. అర్ధరాత్రి దాకా కూర్చుని నౌక రెక్కకి ఒక్కో రివెట్టూ బిగించుకోవచ్చు. నచ్చకపోతే తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎవరి డేట్లూ అక్కర్లేదు, ఎవరినీ బతిమాలే పని లేదు. నటనకూ సంభాషణకూ ఆ సౌకర్యం లేదు. ఉద్యోగాలు చేసుకునే నలుగురైదుగురు ఒకే రోజు, ఒకే చోట, ఒకే వేళకి దొరకాలి. దొరికినా సాయంత్రానికి గది ఖాళీ చేయాలి. ఒకరికి డైలాగ్ రాలేదు, ఇంకొకరికి మెడ దగ్గర యూనిఫాం ఊడింది. ఇంతలో చీకటి పడుతుంది. ‘పర్లేదు, ఓకే’ అనేస్తారు. నౌకకి లెక్కలేనన్ని మెరుగులు, సన్నివేశానికి రెండు టేకులు. పైగా నౌక బొమ్మను బయటపెడితే వెంటనే పదిమంది పోగవుతారు, విరాళాలూ వస్తాయి. బాగా రాసిన ఒక పేజీ సంభాషణను పోస్టరుగా వేయలేం కదా.

ల్యాగ్ కూడా ఇక్కడే పుడుతుంది. కథకి ఆ నౌక వచ్చి ఆగిందని తెలిస్తే చాలు, నాలుగు సెకన్ల పని. కానీ మూడు నెలలు కష్టపడి చేసిన షాట్‌ని నాలుగు సెకన్లకి కోయడానికి చేతులెలా వస్తాయి? కింది నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, ఇంజన్ల మీదుగా ఇంకోసారి. చేసినవాడే ఎడిటరైతే షాటు నిడివిని కథ నిర్ణయించదు, కార్చిన చెమట నిర్ణయిస్తుంది.

శబ్దం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ సినిమాలు ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 అనే కెమెరా వచ్చినప్పుడు, వెనకంతా మసకబారి ముఖం ఒక్కటే తేలే ‘సినిమా లుక్’ మామూలువాళ్ల చేతికందింది. బొమ్మ ఒక్కసారిగా ఎదిగిపోయింది, శబ్దం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. రికార్డవుతున్నది ఎలా ఉందో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే వీలు కూడా ఆ కెమెరాలో లేదు. కెమెరా సొంత మైకు నటుడికి దూరంగా ఉంటుంది. దానికి నోటి నుంచి వచ్చిన మాటా, గోడకి తగిలి వచ్చిన మాటా కలిసే చేరతాయి. ఒకసారి అలా కలిసిపోయిన ప్రతిధ్వనిని తర్వాత విడదీయడం నరకం.

పైగా మిగతా కథలకు లేని కష్టమొకటి సైన్స్ ఫిక్షన్‌కి ఉంది. వీధిలో జరిగే కథకి వీధి శబ్దం దానంతటదే దొరుకుతుంది. ఎక్కడా లేని నౌకకి ఎక్కడా లేని శబ్దాలు పుట్టించాలి. ఇంజన్ల సన్నని గుర్రు, తలుపు జారడం, పరికరాల కిచకిచ, అన్నీ. ఆ గుర్రు షాట్ మారినా మారకుండా సీన్ పొడుగునా కింద నడుస్తూ ఉండాలి. ఫ్యాన్ ఫిల్ముల్లో చాలావాటిలో బొమ్మతోపాటు శబ్దాన్నీ కోసేస్తారు. కెప్టెన్ మీదున్నప్పుడు ఒక హోరు, డాక్టర్ మీదకి వెళ్లగానే ఇంకో హోరు. ప్రేక్షకుడు కారణం చెప్పలేడు గానీ, వీళ్లిద్దరూ ఒకే గదిలో లేరని అతని చెవికి తెలిసిపోతుంది. కన్ను చాలా ఉదారంగా ఉంటుంది, అట్టగోడను కూడా ఉక్కుగోడ అనుకోమంటే అనుకుంటుంది. చెవి అలా రాజీపడదు. గ్రహాలన్నీ తిప్పి చూపించిన రేడియో నాటకాలకు అసలు బొమ్మే లేదు.

గ్రీన్ మ్యాట్ తిప్పలు, అంటే ఆకుపచ్చ తెర ముందు తీసి ఆ రంగును తొలగించి వెనక వేరే దృశ్యం అతికించే తిప్పలు కూడా ఉన్నాయి గానీ, వాటి మీద నాకంత కోపం లేదు. మామూలు కెమెరాలు చాలావరకు వెలుగు వివరాల్ని పూర్తిగా దాచి, రంగు వివరాల్ని అందులో నాలుగో వంతే దాచుకుంటాయి. అందుకే జుట్టు చివర్లలో ఆకుపచ్చ అంచు మిగిలిపోతుంది. అది నిజంగా పరికరాల పరిమితి, క్షమించేయొచ్చు.

క్షమించలేనిది నటుల ఎంపిక. ఖర్చు పెట్టేదెవరో కెప్టెన్ కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూస్తే తెలిసిపోతుందని ఒక జోకు వేసుకోవచ్చు. ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్‌నే తీసుకోండి, అందులో నౌక కెప్టెన్ పేరు కర్క్. దాని మీద అభిమానులు తీసిన ‘స్టార్ ట్రెక్: న్యూ వాయేజెస్’ నడిపించిన జేమ్స్ కాలీ చాలాకాలం తనే కెప్టెన్ కర్క్. ‘స్టార్ ట్రెక్ కంటిన్యూస్’ విక్ మిన్యానాది, అక్కడ కర్క్ ఆయనే. ‘ప్రిల్యూడ్ టు ఆక్సనార్’ అలెక్ పీటర్స్ ప్రాజెక్టు, అందులో కథానాయకుడు గార్త్ ఆయనే. ఫిన్లాండ్‌లో తీసిన ‘స్టార్ రెక్’ పేరడీలో కెప్టెన్ పిర్క్ పాత్ర కూడా దాన్ని పుట్టించిన సములి టోర్సోనెన్‌దే. వీళ్లలో మిన్యానా వృత్తిరీత్యా గాత్రనటుడు, ఆయన సంగతి వేరు. చిన్నప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చోవాలని కలగన్నవాళ్లని తప్పుపట్టలేం. కానీ తన పాత్ర తనే రాసుకుని, తనే నటించి, తనే దర్శకత్వం చేస్తే ‘ఈ టేక్ బాలేదు సార్’ అని చెప్పేవాడు సెట్లో మిగలడు.

మంచి నటుడు దొరికితే ఏమవుతుందో అదే న్యూ వాయేజెస్ చూపించింది. 2007లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో, అసలు సీరియల్లో సులూగా నటించిన జార్జ్ టకే మళ్లీ అదే పాత్ర వేశారు. మరో లోకంలో చిక్కుకుని ముప్ఫై ఏళ్లు గడిపి, ముసలివాడై కూతురితో తిరిగొచ్చిన మనిషి కథ. సిరీస్ అదే, సెట్ల తీరూ అదే. మారినవి స్క్రిప్టూ, మధ్యలో నిలబడ్డ ముఖమూ. 2008లో అది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు నామినేషన్ దాకా వెళ్లింది. ఫ్యాన్ ఫిల్ములకు సెట్లు లేకే ఎదుగుదల లేదనేవారికి ఇంతకంటే వేరే జవాబు అక్కర్లేదు.

ఇక కథలు. అభిమాని బలమూ బలహీనతా ఒకటే, అతనికి అన్నీ తెలుసు. ఏ ఒప్పందం ఎప్పుడు జరిగింది, ఏ నౌకకి ఎన్ని ఆయుధాలు, ఏ సేనాని ఎవరి శిష్యుడు. తెలిసిందంతా పాత్రల నోట్లో పెట్టేస్తాడు. ‘నీకు తెలుసు కదా కమాండర్, పదేళ్ల కిందట ఆ గ్రహం మీద...’ అంటూ తెలిసినవాడికి తెలిసిందే చెప్పే సంభాషణ మొదలైతే ఐదు నిమిషాలు ఆగదు. అసలు కథ రామాయణంలో పిడకల వేటైపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఈ కథల్లో చాలావరకు అసలు రచనలో ఎక్కడో ఒక్క మాటగా దొర్లిపోయిన సంఘటన చుట్టూ అల్లుతారు. ఆ ఒక్క మాట అందంగా ఉండటానికి కారణం మిగతాది చెప్పకపోవడమే. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన యుద్ధాన్ని రెండు గంటలు చూపిస్తే, తెరమీద ఉద్వేగం రావడానికి సంగీతం తప్ప వేరే దిక్కుండదు.

ఆక్సనార్ సరిగ్గా అలాంటి పేరే. 1969లో ప్రసారమైన అసలు స్టార్ ట్రెక్ ఎపిసోడ్ ఒకదానిలో గార్త్ అనే కెప్టెన్ గతాన్ని చెప్పడానికి వాడిన యుద్ధం పేరు అది. 2014లో దాని మీద ఇరవై నిమిషాల నిడివిలో వచ్చిన ‘ప్రిల్యూడ్’ మాత్రం తెలివైన పని, ఒప్పుకోవాలి. కథలా కాకుండా డాక్యుమెంటరీలా తీశారు. అనుభవమున్న నటులు కెమెరా ముందు కూర్చుని యుద్ధాన్ని గుర్తుచేసుకుంటారు, మధ్యమధ్యలో నౌకలు వచ్చిపోతాయి. సెట్ సమస్య లేదు, ల్యాగ్ లేదు. తెలిసిన ముగింపే అయినా, చెబుతున్న ముఖాల్లో కథ ఉంది. దాన్ని చూపించి పూర్తి నిడివి సినిమా కోసం క్రౌడ్‌ఫండింగ్‌లో పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. 2015 డిసెంబరులో స్టార్ ట్రెక్ హక్కులున్న స్టూడియోలు పారామౌంట్, సీబీఎస్ కలిసి కోర్టుకెళ్లాయి. 2017 జనవరిలో రాజీ కుదిరి, పదిహేను నిమిషాల భాగాలు రెండు తీసుకోవచ్చని తేలింది. జనం డబ్బిచ్చిన ఆ పెద్ద సినిమా రాలేదు.

ఈ గొడవ నడుస్తుండగానే, 2016 జూన్‌లో స్టూడియోలు అభిమానుల సినిమాలకు నిబంధనలు ప్రకటించాయి. ఒక కథ పదిహేను నిమిషాలు దాటకూడదు. రెండు భాగాలైతే మొత్తం అరగంట. ఆ తర్వాత సీక్వెళ్లు, సీజన్లు లేవు. పేరులో ‘స్టార్ ట్రెక్’ ఉండకూడదు. విరాళాలు 50 వేల డాలర్లు మించకూడదు. పాల్గొనే అందరూ ఔత్సాహికులై ఉండాలి, పారితోషికం ఉండదు, గతంలో స్టార్ ట్రెక్‌కి పనిచేసినవాళ్లకి చోటు లేదు. అభిమానులు భగ్గుమన్నారు, మా గొంతు నొక్కేశారన్నారు.

నా అభిప్రాయం వేరు. స్టూడియోలు తమ ఆస్తిని కాపాడుకోవడానికే ఆ పని చేశాయి, అందులో అనుమానం లేదు. అయినా పదిహేను నిమిషాల హద్దు ఈ సినిమాలకు జరిగిన మేలు. ఆ నిడివిలో నౌకని నలభై సెకన్లు తిప్పి చూపించలేరు, కమాండర్‌కి చరిత్ర పాఠం చెప్పలేరు. చేతకానిదాన్ని వదిలేసి చేతనైనదాన్నే పట్టుకోవాల్సి వస్తుంది. 2011లో డాన్ ట్రాక్టెన్‌బర్గ్ ‘పోర్టల్’ వీడియోగేమ్ మీద తీసిన చిన్న సినిమా అలాంటిదే. ఒక గది, ఒక స్త్రీ, ఒక పరికరం, మాటలు దాదాపు లేవు. ఆయనకి అప్పటికే వాణిజ్య ప్రకటనలు తీసిన అనుభవం ఉంది, నిజమే. కానీ ఆ అనుభవం నేర్పింది ఏం వదిలేయాలన్నదే. ఐదేళ్లకి ఆయన పెద్ద సినిమాకి దర్శకుడయ్యారు. నాకు కోపం తెప్పించే నిబంధన చివరిది. దాని లెక్కన టకే ఎపిసోడ్ ఈరోజు పుట్టే అవకాశమే లేదు. చేయి తిరిగిన సౌండ్ రికార్డిస్ట్ ఆదివారం ఉచితంగా వచ్చి సాయం చేస్తానన్నా అక్షరాలా చూస్తే నిషేధమే. నిడివి మీద హద్దు అర్థమవుతుంది, నైపుణ్యం మీద హద్దెందుకు?

పేరడీలు ఈ కష్టాలన్నింటినీ సులువుగా దాటేస్తాయి. అట్టగోడ ఊగితే అదే జోకు. ‘స్టార్ వార్స్’ సినిమాల వైపు 2002లో మొదలైన అభిమానుల సినిమాల అధికారిక పోటీ తొలి ఏళ్లలో పేరడీలనూ డాక్యుమెంటరీలనూ మాత్రమే అనుమతించింది, గంభీరమైన కథలకు 2007లో గానీ తలుపు తెరవలేదు. అప్పట్లో అది అవమానంగా తోచినవాళ్లున్నారు. నాకైతే స్టార్ రెక్ పేరడీల్లో పెద్ద సినిమాగా వచ్చిన భాగం గుర్తొస్తుంది. ఏడేళ్లు పట్టింది, చాలావరకు ఒక చిన్న గదిలో బ్లూస్క్రీన్ ముందే తీశారు, 2005లో ఇంటర్నెట్‌లో ఉచితంగా వదిలారు. నటన అంతంతమాత్రం. కానీ కెప్టెన్ బడాయిని చూసి నవ్వాలని సినిమాకే తెలుసు కాబట్టి, మనం దాన్ని చూసి నవ్వాల్సిన అవసరం రాలేదు.

ఏడేళ్లయినా పూర్తి చేశారు, అదీ గొప్పే. ఈ రంగంలో అందరికంటే ఎక్కువ విసిగించేవి ట్రైలర్ దగ్గరే ఆగిపోయినవి, ‘మొదటి భాగం’ అని వచ్చి రెండోది రానివి. జీతం లేని పని కదా, ఒకరికి పెళ్లవుతుంది, ఒకరు ఊరు మారతారు, హీరో జుట్టు పలచబడుతుంది. సొంత జేబులోంచి ఖర్చు పెట్టుకుని ఎవరు ఆపేసినా మనం అడగడానికి లేదు. జనం దగ్గర డబ్బు తీసుకున్నాక మాత్రం ‘ఔత్సాహికులం, ఉచితంగా చూపిస్తున్నాం, తప్పులెన్నకండి’ అనే మాట చెల్లదు. చూడటం ఉచితమే కావచ్చు, తీయడానికి ఎవరో డబ్బిచ్చారు. అలా ఇచ్చేవాళ్లు ముందుగా అడగాల్సినవి రెండున్నాయి. స్క్రిప్టులో ఓ పది పేజీలు, ఇద్దరు మనుషులు నౌక లేకుండా మాట్లాడుకునే ఒక నిమిషం రికార్డింగు. ఆ రెండూ చూపించలేక ఇంకో నౌక బొమ్మ పంపితే, డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు.