సవరణ: మనం తీసిన ఫొటో అయినా లోపలి బొమ్మ మనది కాదు

మొన్న విశాఖ పూర్ణా మార్కెట్లో తీసిన ఫొటోలు పెడుతూ, "మన ఫోన్‌తో మనమే తీశాం కాబట్టి హక్కు మనదే, వికీమీడియా కామన్స్ (అందరూ వాడుకునేలా ఫొటోలు పెట్టే వెబ్‌సైట్) లోకి ధైర్యంగా ఎక్కించేయొచ్చు" అని రాశాను. అది తప్పు. కామన్స్ నియమాలు, మన 1957 కాపీరైట్ చట్టం చదివాక తెలిసింది.

ఫొటో మీద మనకు హక్కు ఉన్నా, అందులో కనిపించే బొమ్మ హక్కు దాన్ని గీసినవాళ్లదో, గీయించుకున్నవాళ్లదో అవుతుంది. నేను కిరాణా కొట్టు గోడ మీది సింహాద్రి అప్పన్న క్యాలెండర్‌ని ఫ్రేము నిండా తీశాను, చందనం పూత, కింద రేకు అంచు కూడా కనబడేలా, అంటే అది ఆ బొమ్మకు నకలే. అప్పన్న అందరివాడే గానీ ఆ బొమ్మ గీసిన చెయ్యి ఒకరిది, మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కామన్స్‌లో ఉన్నదాన్ని ఎవరైనా వ్యాపారానికీ వాడుకోవచ్చు కాబట్టి "చదువు కోసమే పెట్టాను" అంటే చెల్లదు.

బీచ్ రోడ్డు విగ్రహాల సంగతి వేరు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలను ఫొటో తీసుకోవచ్చని సెక్షన్ 52 చెబుతోంది. గోడల మీద వేసిన రంగుల బొమ్మలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

అలాగని కొట్ల ఫొటోలే మానేయక్కర్లేదు. కొట్టు మొత్తం తీసినప్పుడు మూలన క్యాలెండర్ చిన్నగా పడితే ఫర్వాలేదు. ఉత్త అక్షరాలు, అంకెలే ఉన్న బస్సు టికెట్టుకీ మామూలుగా ఇబ్బంది రాదు.

నా క్యాలెండర్ ఫొటో, అగ్గిపెట్టె లేబుల్ ఫొటో తొలగించమని అడిగాను. నా మాట నమ్మి ఇలాంటివి ఎక్కించినవాళ్లు మీవి కూడా ఒకసారి చూసుకోండి.